జవాబు ఇయ్యకు, విను

రాజారాం, గంగమణి మొదటిసారి గొడవ పడ్డప్పుడు వాళ్ల మధ్య పన్నెండు మైళ్ల వాన ఉంది. అతను బోధన్‌లో, ఆమె కందకుర్తిలో. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, గొంతు వినలేదు. చిత్రమేమంటే, అవతల ఉన్నది ఆడపిల్ల అని కూడా ఆ మహానుభావుడికి తెలియదు.

గొడవ వైర్‌లెస్ మీద జరిగింది. పందొమ్మిది వందల ముప్పై ఎనిమిది, ఆషాఢ మాసం. ఏటా గోదావరి, మంజీర కలిసే ఆ మూలన ఊళ్లు మునగడం, సరిగ్గా అప్పుడే తంతి తీగలు తెగడం మామూలు. దీనికి నిజామాబాద్ లక్ష్మీరాజం ఒక ఉపాయం చేశాడు. ఆయన పదేళ్లు బొంబాయి ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటర్‌గా తిరిగి, భార్య పోయాక కూతురి కోసం ఊరు చేరి, గడియారాల దుకాణం పెట్టుకున్న మనిషి. సర్కారు దగ్గర ఇజాజత్, అంటే అనుమతి, సంపాదించి మూడు సెట్లు సొంతంగా బిగించాడు. ఒకటి తన ఇంట్లో, ఒకటి బోధన్‌లో, ఒకటి కందకుర్తిలో బావమరిది నర్సింలు ఇంట్లో.

తీగ అక్కర్లేదు. మీట నొక్కితే చప్పుడు చుక్కలుగా, గీతలుగా గాల్లో పోతుంది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని తెలుగు మాట చేసుకోవాలి. వరద లేస్తే తహసీల్దారుకు కబురు ముందే అందాలన్నది లక్ష్మీరాజం తాపత్రయం.

బోధన్ సెట్టు రాజారాం చేతిలో పెట్టాడు. రుద్రూర్ చెరకు రైతు కొడుకు, కొత్త చక్కెర ఫ్యాక్టరీలో బిజిలీ తీగలు చూసే పని. తెలివైనవాడు, ఒళ్లు వంచేవాడు. ఒక్కటే లోపం. నోరు ఊరుకోదు, మీట దొరికాక చెయ్యి కూడా ఊరుకోవడం మానేసింది.

కందకుర్తి ఇజాజత్ కాగితం నర్సింలు పేరు మీద ఉంది. అందుకని రాజారాం రోజూ సాయంత్రం అయిదింటికి "నర్సింలన్నా" అని మొదలుపెట్టేవాడు.

"నర్సింలన్నా, నీళ్లు ఎట్లున్నయి?"

"రేవుల మూడో మెట్టు. అయిపోయింది."

"జర ముచ్చట పెట్టన్నా. ఇక్కడ వానకు ఏం తోస్తలేదు."

"బ్యాటరీ నీ అత్తగారు పంపుతదా?"

ఆ రోజు రాజారాంకు రోషం వచ్చి, అరగంట సేపు వైర్‌లెస్ మర్యాదల గురించి ఉపన్యాసం కొట్టాడు. అవతలి నుంచి ఒకే మాట వచ్చింది. "నువ్వు చేత్తోని గూడ వాగుతవు."

లక్ష్మీరాజం ఓడల మీది ఆచారం ఒకటి వీళ్లకు నేర్పాడు. ప్రతి గంటలో పావు దాటగానే మూడు నిమిషాలు, ముప్పావు దాటగానే మూడు నిమిషాలు ఎవరూ మీట ముట్టకూడదు. చెవులు పెట్టి వినాలి, అంతే. ఆపదలో ఉన్నవాళ్లు మాత్రమే అప్పుడు మాట్లాడాలి. ఎంత బలహీనంగా మూలిగినా ఆ మూడు నిమిషాల్లో ఎవరో ఒకరికి వినబడుతుంది. ఆయన ఇచ్చిన గడియారాల పలకల మీద ఆ రెండు చోట్లా ఎర్ర రంగు పూసి ఉంటుంది.

"ఇద్దరు ఒక్కసారే కొడితె పెద్ద సెట్టు చప్పుడు చిన్నదాన్ని మింగుతది" అని మరీ మరీ చెప్పాడు. "నీది ఫ్యాక్టరీ బిజిలీ మీద నడుస్తది రాజారాం. కందకుర్తిది ఒట్టి బ్యాటరీ. యాదుంచుకో."

"యాదుంటది సారు" అన్నాడు రాజారాం. యాదుంది కూడా. మరిచిపోయాడని అతన్ని ఎవరూ అనడానికి లేదు.

శ్రావణంలో ఒక పొద్దున ఫ్యాక్టరీ గేటు ముందు ఎడ్లబండి ఆగింది. గొంగడి కప్పుకున్న ఒక ముసలమ్మ, ఒళ్లో బరువైన బ్యాటరీ పెట్టె పట్టుకున్న ఒక అమ్మాయి. వానకు తడిసి, చిరాకుగా, చూడముచ్చటగా ఉంది.

"రాజారాం అంటె ఎవరు?"

"నేనే. బ్యాటరీ యాడిది?"

"కందకుర్తిది. చార్జింగ్ పెట్టాలె."

"నర్సింలన్న రాలేదా?"

"ఆయనతోని ఏం పని?"

"పనేం లే. రోజు మాట్లాడుకుంటం, మంచి దోస్తు. జర కోపమెక్కువ గని చెయ్యి మస్తు సాఫు. గంత సాఫుగ కొట్టెటోన్ని నేను సూడలే."

అమ్మాయి ముసలమ్మ వైపు చూసింది. ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా మామకు ఎడ్లను అదిలించుడే సక్కగ రాదు. మీటేం కొడతడు?" అంటూ ఆ పిల్ల బ్యాటరీ పెట్టె మూత మీద వేలితో టకటకమని కొట్టింది. పొట్టి చప్పుడు, పొడుగు చప్పుడు. రాజారాం చెవి దానంతటదే చదువుకుంది. "బ్యాటరీ అత్తగారు పంపింది."

అతని చెవులు ఎర్రబడ్డాయి. రెండు నెలలుగా తను 'అన్నా' అన్న ప్రతి మాటా వరసగా గుర్తొచ్చింది. ఆ వేలినీ, ఆ ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు. వేలు ఏ భావమూ లేకుండా ఉంది, ముఖం మాత్రం నవ్వు ఆపుకోలేక చస్తోంది.

ఆమె లక్ష్మీరాజం కూతురు గంగమణి. తల్లి లేని పిల్లకు తండ్రి అక్షరాల కంటే ముందు ఈ చుక్కలూ గీతలూ నేర్పాడు. వానాకాలం అమ్మమ్మ ఈరవ్వకు తోడుగా కందకుర్తిలో ఉంటూ సెట్టు తనే చూసుకుంటుంది.

బ్యాటరీకి చార్జింగ్ ఎక్కేదాకా, సాయంత్రం వరకు ఉన్నారు. రాజారాం మూడుసార్లు చాయ్ తెచ్చాడు. మూడోసారి ఈరవ్వ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊరు, పేరు, బాపు, భూమి అన్నీ అడిగింది.

"పిలగాడు వాగుడుకాయ గని మంచోడే" అని మనవరాలికి వినబడేలాగే చెప్పింది. "మీరు టక్కుటక్కు అనుకునేది నాకు గూడ జర చెప్పుండ్రి బిడ్డా. ఒక్కదాన్ని కూసోని ఏమనుకోవాలె?"

ఆ తర్వాత అయిదు గంటలు ఎప్పుడవుతుందా అని రాజారాం పొద్దున్నుంచే గడియారం చూసేవాడు. అయిదింటికి లక్ష్మీరాజం దుకాణంలో ఉంటాడు కాబట్టి ఆ వేళ వాళ్లిద్దరిదే. పెద్ద మాటలేమీ అనుకోలేదు. నీళ్లు ఎన్నో మెట్టు, ఈరవ్వ ఏం వండింది, పసుపు చేను ఎంత ఎదిగింది. అంతలోనే అతనికి ఆ పిల్ల లేకుండా బతకడం కుదరదని తేలిపోయింది. ఆమెకు కూడా తేలిందని ఆమె బ్యాటరీ ఖర్చే చెప్పేది.

పొలాల అమావాస్య తెల్లారి వరద వచ్చింది. ముందురోజు ఎడ్ల కొమ్ములకు పూసిన రంగులు ఇంకా ఆరనే లేదు. తంతి తీగలు పొద్దున్నే తెగాయి. మధ్యాహ్నం రెండింటికి గంగమణి కొట్టింది. "నీళ్లు వాకిట్లకు వచ్చినయి. సెట్టు మిద్దె మీదికి ఎక్కిస్తున్నం. పదకొండు మందిమి ఉన్నం."

ఆ తర్వాత చప్పుడు లేదు.

తహసీల్దారు రెండు పడవలను లారీల మీద ఎక్కించి ఫ్యాక్టరీ గేటు ముందే నిలబెట్టాడు. కానీ కందకుర్తికి ఏ బాట మిగిలి ఉందో తెలియాలి. తప్పు బాట పట్టి బురదలో దిగబడితే ఇక ఆ రోజుకు అంతే. "కబురు రానియ్యి, మరుక్షణం కదుల్తం" అన్నాడు.

రాజారాం మీట పట్టుకున్నాడు. గంగమణి. గంగమణి. మొదట్లో రెండు క్షణాలు ఆగి విని మళ్లీ కొట్టాడు, తర్వాత ఆ ఆగడం కూడా మానేశాడు. గంగమణి.

రుద్రూర్‌లో వాళ్ల వాడకట్టులో ఒక అలవాటు ఉంది. మనిషి ఏట్లో కొట్టుకుపోతుంటే ఒడ్డున ఉన్నవాళ్లు ఆ మనిషి పేరు ఆపకుండా పిలుస్తారు. పిలుపు వినబడినంతసేపూ పోయేవాడు చేతులాడిస్తాడని, ఆగితే ఆశ వదిలేస్తాడని వాళ్ల నమ్మకం. రాజారాం చిన్నప్పుడు వాళ్లమ్మ అలాగే గొంతు పోయేదాకా పిలిచి అతని అన్నను ఒడ్డుకు తెచ్చుకుంది. అది అతను కళ్లారా చూశాడు.

మూడుంపావు అయింది. ముల్లు ఎర్ర రంగు మీదికి వచ్చింది. రాజారాం చూశాడు. మూడు నిమిషాలు ఊరుకుంటే పిల్ల ధైర్యం చెడుతుంది అనుకున్నాడు. ఆ ఆచారాలన్నీ ఓడలవాళ్లవి, తనకు తెలిసింది ఏరు. చెయ్యి ఆపలేదు.

మూడూ నలభైకి వేళ్లు కొంకర్లు పోయి ఒక్క క్షణం మీట జారింది. ఆ సందులో నిజామాబాద్ నుంచి లక్ష్మీరాజం చప్పుడు దూరింది. "ఆపు. విను."

ఆపాడు. ముప్పావు దాటగానే దోమ మూలిగినంత సన్నగా వినబడింది.

"బోధన్ బాట తెగింది. నీలా ఊరి మీదికెల్లి రండ్రి. వెనుక గోడ కదులుతుంది. ఇది రెండోసారి చెప్తున్న."

లారీలు కదిలాయి. రాజారాం కూడా ఎక్కాడు. దారి పొడుగునా ఆ చివరి మాటే అతని చెవుల్లో ఉంది. రెండోసారి.

అయిదింటికి పడవలు మిద్దెను చేరాయి. పది మందిని దించారు. వెనుక గోడ అంతకు పావుగంట ముందే పడింది. ఆ చివరన గొంగడి కప్పుకుని కూర్చున్న ఈరవ్వ గోడతో పాటే పోయింది. గంగమణి చేతిలో మిగిలిన గొంగడి అంచు పట్టుకుని పడవలో కూర్చుంది.

పదకొండో రోజు దినం అయ్యాక లక్ష్మీరాజం రాజారాంను నిజామాబాద్‌లో తన ఇంటికి పిలిచాడు. బయట సన్న జల్లు. రాజారామే అడిగాడు.

"సారు, మొదటిసారి ఎప్పుడు చెప్పింది?"

"మూడుంపావుకు. నీ చప్పుడు కింద నా బిడ్డ చప్పుడు విన్న. సగమే అందింది. నిన్ను ఆపుదామంటె నువ్వు సందు ఇయ్యలే."

రాజారాం నేల చూశాడు. అరగంట. ఆ అరగంట ముందు లారీ కదిలి ఉంటే గోడ పడకముందే పడవ అక్కడ ఉండేది. లెక్క వేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

"గంగమణికి నేను చెప్పలే" అన్నాడు లక్ష్మీరాజం. "మిద్దె ఎక్కిచ్చేటప్పుడు హెడ్‌ఫోన్ నీళ్లల్ల తడిసి, నీ చప్పుడు ఆమెకు వినబడలే. బ్యాటరీ గూడ తడిసి తన మాట అందలేదనుకుంటుంది. గట్లనే అనుకోనియ్యి. మీ బాపు వచ్చి పిల్లను అడిగిండు. నాకు ఇష్టమే. పది మందిని బతికిచ్చినవని ఊరంత నీ పేరే చెప్తున్నరు. తెలిస్తె ఆ పిల్ల నీ మొఖం సూడది. ఎందుకు బిడ్డా?"

నోరు మూసుకుంటే చాలు, గంగమణి తనదవుతుంది. జన్మలో మొదటిసారి రాజారాంకు నోరు మూసుకోవాలని గట్టిగా అనిపించింది. అయినా లేచి లోపలి వాకిట్లోకి నడిచాడు.

గంగమణి చూరు కింద కూర్చుని అవ్వ చీరలు మడత పెడుతోంది.

"మూడుంపావుకు నీ బ్యాటరీ మంచిగనే ఉండె" అన్నాడు. "నేను కొడుతున్న. అందుకే నీది అందలే."

ఆమె చేతులు ఆగాయి. "గడియారం సూసుకోలేదా?"

"సూసిన."

"సూసి?"

"సూసి కొట్టిన."

ఆమె మడత పెట్టిన చీరను మళ్లీ విప్పింది.

"ఏం కొట్టినవు?"

"నీ పేరు."

గంగమణి అతని వైపు చూసింది. ఆ చూపును రాజారాం బతికినన్నాళ్లూ మరిచిపోలేదు.

"అవ్వ నా పక్కనే కూసోని అడిగింది, విన్నరా బిడ్డా అని. మూడు నిమిషాలు అందరు చెవులు పెట్టి వింటరవ్వా, ఇప్పుడు చెప్పింది వట్టిగ పోదు అన్న. అయితె సరే అని గొంగడి కప్పుకోని కూసుంది. నేను చెప్పిన్నని నమ్మి కూసుంది."

రాజారాం ఏడ్చాడు. ఆమె ఏడవలేదు.

"పో" అంది.

గడప దాటుతుంటే వెనక నుంచి పిలిచింది. "ఆగు. ఆ నాడు నేను చెప్పింది నువ్వు వినలే. ఇప్పుడు వింటవా?"

"వింట."

"మల్ల కందకుర్తికే పోతున్న. నీళ్లు ఎన్నో మెట్టో పొద్దుగాల బాపుకు చెప్త. అయిదింటికి, కొడితె నీకు కొడత. కొట్టకపోవచ్చు గూడ. నువ్వు రోజు కూసో. విను. జవాబు ఇయ్యకు. ఒక్క చుక్క గూడ."

"ఎన్ని రోజులు?"

"అవ్వకు ఏడాది తిరిగేదాక."

"తిరిగినంక?"

"గది గప్పుడు సూస్త. మాటైతె ఇస్తలే."

లక్ష్మీరాజం గడప అవతల నిలబడి అంతా విన్నాడు. అడ్డు చెప్పలేదు.

రాజారాం రోజూ అయిదింటికి హెడ్‌ఫోన్ పెట్టుకుని, ముందు ఒక నోటుపుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి రోజు ఏమీ రాలేదు. తారీఖు వేసి 'విన్న, ఏం రాలే' అని రాసుకున్నాడు. రెండో రోజూ అంతే. అలా ముప్పై నాలుగు రోజులు ఒకే మాట రాశాడు. ఫ్యాక్టరీలో దోస్తులు నవ్వారు. బాపు తిట్టాడు. తెగిపోయిన సంబంధానికి కాపలా కాస్తున్నావా అని రుద్రూర్‌లో చుట్టాలు అడిగారు.

ముప్పై అయిదో రోజు చప్పుడు వచ్చింది.

"అవ్వ ముక్కుపుల్ల దొరికింది. పసుపు చేన్ల, బురదల."

అంతే. రాజారాం కుడి చెయ్యి మీట వైపు పోయింది. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని తొడ కింద పెట్టుకున్నాడు.

కార్తీకం అంతా తిట్లు వచ్చాయి. "నువ్వు ఒట్టి మూర్ఖునివి." "పిలిస్తె బతుకుతరని ఎవరు చెప్పిండ్రు నీకు?" "ఇయ్యాల మస్తు కోపంగ ఉంది. ఎవరి మీదనో తెల్వదు. నీ మీదనే అనుకో." అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. తిట్టు వచ్చిన రాత్రి అతనికి నిద్ర పట్టేది, ఏమీ రాని రాత్రి పట్టేది కాదు.

చలికాలం మాటలు మెత్తబడ్డాయి. "చెరకు బండ్లు బోధన్‌కు పోతున్నయి. మామ బండి గూడ." "కొత్త గోడ లేపినం. ఆ మూలకు నేను పోలేకపోతున్న." "అవ్వ లెక్క సర్వపిండి చేసిన. రాలే. కాలబెట్టిన."

వైశాఖంలో ఒక సాయంత్రం "జ్వరం. నాలుగు రోజుల సంది" అని వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత మూడు రోజులు నిశ్శబ్దం. అడగడానికి లేదు. నాలుగో రోజు రాజారాం సైకిల్ తీసుకుని పన్నెండు మైళ్లు తొక్కాడు. ఊరి బయట చింతచెట్టు కింద నిలబడ్డాడు. చిక్కిపోయి, బిందె పట్టుకుని బావి దగ్గరికి పోతున్న గంగమణిని దూరం నుంచి చూశాడు. చూసి, పలకరించకుండా వెనక్కి తొక్కాడు.

మర్నాడు అయిదింటికి వచ్చింది. "సైకిల్ మీద వచ్చి చెట్టు కింద నిలబడి పోయినోడు ఎవడని ఊరంత అడుగుతుండ్రు. నాకు తెల్వదన్న. మాట్లాడలే గాబట్టి తప్పు గాదు. మల్ల ఎండల రాకు."

ఆ రోజు రాజారాం నోటుపుస్తకం మూసి, వరద తర్వాత మొదటిసారి నవ్వాడు. వెంటనే ఈరవ్వ గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత కూడా అతనికి ఎప్పుడు నవ్వు వచ్చినా వెనకే ఆ ముసలమ్మ వచ్చేది.

పొలాల అమావాస్య మళ్లీ వచ్చి పోయింది. తెల్లారి కందకుర్తిలో ఈరవ్వకు సంవత్సరీకం. వాన లేదు గానీ మబ్బు పట్టి ఉంది. రాజారాం నాలుగింటికే సెట్టు ముందు కూర్చున్నాడు. ఆమె రమ్మంటుందో, ఇక చాలు అంటుందో తెలియదు.

అయిదు దాటి ఆరు నిమిషాలకు చప్పుడు మొదలైంది.

"అయింది. కాకి తొందరగనే ముట్టింది. అవ్వకు కోపం లేదని మామ అన్నడు. నాకు ఇంక జర ఉంది. అది పోదు. ఉండగానే బతకాలె అనుకుంటున్న."

రాజారాం రాసుకున్నాడు.

"రాజారాం. ఉన్నవా? జవాబు ఇయ్యి."

ఏడాదిపాటు రోజుకో జవాబు మనసులో కూర్చుకున్నాడు. క్షమించమని, ప్రేమిస్తున్నానని, ఏ రోజు ఏ మాటకు ఏం అనాలనుకున్నాడో అన్నీ ఉన్నాయి. మీట మీద వేలు పెట్టేసరికి ఒక్కటీ రాలేదు. తడబడుతూ ఒక్క మాట కొట్టాడు.

"విన్న."

"గంతేనా?"

"అంతా విన్న."

కందకుర్తి నుంచి ఏదో మొదలయ్యేలోపు, నిజామాబాద్ నుంచి గట్టి చప్పుడు అడ్డం వచ్చింది. "నేను గూడ విన్న. అయ్యగారిని ముహూర్తం సూడమంట."

అప్పుడు గంగమణి అడిగింది.

"బాపూ, అయిదింటికి నువ్వు దుకాణంల గద ఉండేది?"

"ఆ నాడు నీ మాట సగమే విన్న బిడ్డా. అప్పటి సంది ఒక్క పొద్దు గూడ వదలలే. అయిదింటికి దుకాణం బందు."

రాజారాం పెన్సిల్ ఎత్తి, మళ్లీ కింద పెట్టాడు. ఆ మాట నోటుపుస్తకంలో రాయలేదు. అది అతనికి చెప్పింది కాదు. హెడ్‌ఫోన్ తీయకుండానే భుజంతో కళ్లు తుడుచుకున్నాడు. అవతల గంగమణి కూడా ఏడుస్తూ ఉంటుందని అతనికి తెలుసు, ఈసారి అడగకుండా ఆగడం అతనికి కష్టం కాలేదు.

కొంతసేపటికి కందకుర్తి నుంచి నెమ్మదిగా, ఒక్కో అక్షరమే వచ్చింది.

"రేపు పొద్దుగాలనే ఇద్దరు రండ్రి. అన్నం ఈడనే తిందురు."